"త్రావు మన్న! రావన్న!" – రంతిదేవుడి పద్యంలో ఈ అన్న ఎవరు?

పోతన భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుడి పద్యంలో రెండుసార్లు వచ్చే "అన్న"కు అర్థం ఏమిటని గ్రూపులో ఒకరు అడిగారు. ఒక్క ముక్కలో తేల్చేయబుద్ధి కాలేదు. ముందు పద్యం:

అన్నము లేదు కొన్ని మధురాంబువు లున్నవి త్రావు మన్న! రా
వన్న! శరీరధారులకు నాపద వచ్చిన వారి యాపదల్
గ్రన్నన మాన్చి వారికి సుఖంబులు సేయుట కన్న నొండు మే
లున్నదె? నాకు దిక్కు పురుషోత్తముఁ డొక్కఁడ సుమ్ము పుల్కసా!

రంతిదేవుడు రాజు. ఉన్నదంతా పంచిపెట్టి, 48 రోజులు తిండీ నీళ్లూ లేక కుటుంబంతో సహా చిక్కి శల్యమయ్యాడు. మర్నాడు కాస్త నెయ్యి, పాయసం, నీళ్లు దొరికాయి. తినబోతుంటే ఒక బ్రాహ్మణుడు వచ్చాడు, తర్వాత ఒక శూద్రుడు, ఆ తర్వాత కుక్కల్ని వెంటబెట్టుకుని మరొకడు. తిండి అంతా అయిపోయింది. ఒక్కరికి సరిపడా నీళ్లు మిగిలాయి. అవి తాగబోతుంటే పుల్కసుడు (ఆ కాలంలో అందరికన్నా తక్కువగా చూసిన కులంవాడు) దాహమంటూ వచ్చాడు. ఈ మాటలు అతనితో అన్నవి.

"త్రావుమన్న" అంటే "తాగు, అన్నా"; "రావన్న" అంటే "రా, అన్నా". రెండూ పిలుపులే. అన్నం లేదన్నా, కాసిని మంచినీళ్లున్నాయి, రా, తాగు అంటున్నాడు. ప్రాస కోసం పడిన మాట అని కొందరంటారు. న్న ప్రాసకు కుదిరిన మాట నిజమే. కానీ ఆ ప్రాసకు సరిపోయే మాటలు తెలుగులో ఎన్నో ఉండగా పోతన ఇదే ఎంచుకున్నాడు, అదీ రెండుసార్లు.

సంస్కృత మూలంలో ఈ పిలుపు లేదు. అక్కడ వచ్చినవాడు తనను తానే "అశుభుణ్ణి" అనుకుంటూ నీళ్లు అడుగుతాడు. రంతిదేవుడు తనకు అష్టసిద్ధులూ వద్దు, మోక్షమూ వద్దు, ప్రాణులన్నిటి బాధా తానే పడాలని కోరుకుని నీళ్లిస్తాడు. చాలా గొప్ప మాటలు. అయితే అవి దేవుణ్ణి ఉద్దేశించి అన్నట్టుంటాయి. పోతన ఆ రాజును దాహంతో ఉన్న మనిషి వైపు తిప్పి నిలబెట్టాడు. తనను అశుభుణ్ణి అనుకుంటూ వచ్చినవాడికి "అన్నా" అన్న పిలుపు అందింది. నీళ్లకన్నా ముందు అందింది.

"శరీరధారులకు" అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. ఒళ్లుంటే చాలు, ఆకలిదప్పులుంటాయి. సాయానికి అర్హత అంతే. ఇక "క్రన్నన" అంటే వెంటనే. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళా చూడకుండా వచ్చినవారికి వండి వడ్డించేవారని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఈ "క్రన్నన" గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆవిడ పేరు పెట్టారు. అది నాకు చాలా నచ్చింది. ఒక ఇల్లాలు మోసిన బరువును ఇప్పుడు మనందరి పన్నుల డబ్బు మోస్తోంది. పిల్లవాడు ఎవరినీ చెయ్యిచాచి అడగక్కర్లేదు.

"అన్నా" అని పిలిచి చివర్లో "పుల్కసా" అని కులం పేరెత్తడం ఏమిటని గ్రూపులోనే ఇంకొకరు రాశారు. న్యాయమైన ప్రశ్న. ఆ మాట మూలంలోది, ఆ కాలపు సమాజంలోది. పోతన దాన్ని తీసెయ్యలేదు. నేను సమర్థించను. నన్ను అంతకన్నా బాధపెట్టేది వచ్చినవాళ్ల వరస. కులం నిచ్చెనలో అందరికన్నా కిందున్నవాడు వచ్చేసరికి అన్నం అయిపోయింది. ఇందులో రంతిదేవుడి తప్పేమీ లేదు, ఉన్న చివరి గుక్క కూడా ఇచ్చేశాడు. కానీ మన అన్నదానాల్లో జరుగుతున్నదీ అదే. పందిరి బయట గిన్నె పట్టుకుని నిలబడ్డవాళ్లకు కడపటి బంతి కూడా లేచాక అడుగున మాడింది పెడతాం. వాళ్లను మొదటి బంతిలో కూర్చోబెట్టడానికి ఏ శాస్త్రమూ అడ్డం రాదు. మా వీధి శ్రీరామనవమి కమిటీలో ఈ మాట పెట్టాను, వచ్చే ఏడు అలాగే చేద్దామన్నారు.

ఒక విషయం మిమ్మల్ని అడగాలని ఉంది. మీ ఊళ్లలో ఇంటి ముందుకు అన్నానికి వచ్చినవాళ్లను, చలివేంద్రం దగ్గర ఆగినవాళ్లను పెద్దవాళ్లు ఏమని పిలిచేవారు? అన్న, అయ్య, తాత, అవ్వ, ఏ వరస అయినా సరే, జిల్లా పేరుతో రాయండి.