వేరు మూలకమా, వేఱు మూలకమా?

ప్రశ్న (కడప నుంచి): సభ్యులకు నమస్కారం. “చూడ చూడ రుచుల జాడ వేరు” అన్న వేమన పాదంలో చివరి మాటలో ఉన్నది రేఫమా (ర), శకటరేఫమా (ఱ, బండి ర)? నాలుగు రోజులుగా ఇది నన్ను వదలడం లేదు. నన్ను ఇందులోకి దించింది ఛందస్సు కాదు, సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష. మా కార్యాలయంలో కొత్తగా చేరినవారికి ఆబ్జెక్టులను ఎక్స్‌ఎంఎల్‌గా సీరియలైజ్ చేయడంపై (ప్రోగ్రాములోని సమాచారాన్ని ట్యాగుల ఫైలుగా రాయడంపై) తెలుగులో రెండు పుటలు రాస్తూ, రూట్ ఎలిమెంటును, అంటే మిగతావన్నీ తనలో ఉంచుకునే పై ట్యాగును, “వేరు మూలకం” అన్నాను. “వేరు మూలకానికి నమోదు అని పేరు పెట్టండి” అన్న వాక్యం చదివిన ఒక అబ్బాయి, ఇంకేదో మూలకం కాబోలు అనుకుని, క్లాసు (ఆబ్జెక్టుల నమూనా) మీద, పై ట్యాగు పేరు చెప్పడానికి పెట్టవలసిన ఎక్స్‌ఎంఎల్‌రూట్‌ను వదిలేసి, ఊరు అనే ప్రాపర్టీ (ఆ క్లాసులోని ఒక వివరం) మీద, లోపలి ట్యాగుకు పేరు పెట్టే ఎక్స్‌ఎంఎల్‌ఎలిమెంట్ పెట్టాడు. మనం పేరు చెప్పకపోతే సీరియలైజర్ క్లాసు పేరునే వాడుకుంటుంది కనుక ఫైలు <విద్యార్థి> అని మొదలై, లోపల <నమోదు>కడప</నమోదు> అని వచ్చింది. అవతలివారు తిప్పి పంపారు. తప్పు అబ్బాయిదా, నా అక్షరానిదా?

కర్నూలు సభ్యుడు: పాదాన్ని బట్టి ఇది తేలదండీ. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. వేరు అన్నా వేఱు అన్నా హగణమే (గురువు, లఘువు), అదీ సూర్యగణమే. చూడ, జాడ అని రెండో అక్షరం కలిసే ప్రాసయతి కూడా నాలుగో గణం దగ్గరే ముగిసిపోయింది. ఆ మాట ప్రాసయతిలో పడి ఉంటే ఏదో ఒకటి తేలేది. అర్థాన్ని బట్టి మాత్రం అది వేఱే: భిన్నమైనదని. చెట్టుకుండేది వేరు.

అనంతపురం సభ్యురాలు: అయ్యవారి మాటకు సరిహద్దు సాక్ష్యం చేరుస్తాను. తమిళంలో చెట్టు వేరుకు మామూలు రేఫం, భిన్నమనే మాటకు శకటరేఫం నేటికీ నిలిచే ఉన్నాయి. మా పక్క కన్నడంలో బేరు, బేరె అని చివరి అచ్చే విడదీస్తోంది. అయితే ఈ అక్షరం లేకుండానే మన రైతులు బతుకుతున్నారు గదా. వేరుశనగ అంటే వేరే శనగ అని ఎవరూ అనుకోరు. నిజానికి ఆ కాయ వేరుకు కాయదు, పూత తరువాత నేలలోకి దిగే ఊడకు కాస్తుంది. పేరే తప్పు, అయినా అర్థం తప్పలేదు. మేము చెనిక్కాయలంటాము కాబట్టి మాకు ఆ చిక్కు కూడా లేదు.

ప్రొద్దుటూరు సభ్యుడు: వేరుశనగ సరే, మరి వేరు కాపురం సంగతి ఏమిటమ్మా? సమాసంలో అదే రూపం, అర్థం మాత్రం రెండోది. అబ్బాయి వేరు మూలకాన్ని వేరు కాపురం లాగా చదువుకున్నాడు, అంతే. అసలు ఆ పద్యంలో నాకు నచ్చేది చివరి అక్షరం కాదు, ఉప్పూ కప్పురమూ. ఎక్స్‌ఎంఎల్‌లో ఒకే విలువను ఎలిమెంటుగానూ రాయవచ్చు, అట్రిబ్యూటుగానూ (ట్యాగులోనే ఇచ్చే విలువగా) రాయవచ్చు; చూపుకు రెండూ ఒకటే, కాని అట్రిబ్యూటు లోపల మరో మూలకం పట్టదు. జాబితా మీద ఎక్స్‌ఎంఎల్‌ఎలిమెంట్ పెడితే చుట్టూ ఉండే మూలకం పోయి అంశాలు విడివిడిగా నిలుస్తాయి, ఎక్స్‌ఎంఎల్‌అర్రే పెడితే ఆ చుట్టు నిలుస్తుంది. బ్రౌను 1829లో అచ్చువేసిన ఈ కవికి ఇంతకన్నా మంచి పాఠకులు సాఫ్ట్‌వేరువారిలోనే ఉన్నారని నా పక్షపాతం.

కదిరి సభ్యుడు: వేమన సమాధి ఉన్న కటారుపల్లె మాకు దగ్గరే గనుక వేమన మీద మాకూ కొంత హక్కుంది. ఱ ను మళ్ళీ తెచ్చుకుంటే తప్పేమిటి? యూనికోడులో ర 3120, ఱ 3121, పక్కపక్కనే ఉన్నాయి. అయితే ట్యాగుల పేర్లు తెలుగులోనే పెట్టేవారు ఒక్కటి గమనించాలి. యంత్రానికి ఆ రెండూ వేర్వేరు పేర్లు. వేరు మూలకం పేరు కలవకపోతే ఫైలును తిరిగి ఆబ్జెక్టుగా చదివే డీసీరియలైజర్ ఎక్సెప్షన్ (లోపం ఉందన్న సూచన) ఇచ్చి ఆగిపోతుంది. లోపలి మూలకం పేరు కలవకపోతే మామూలుగా ఏమీ అనకుండా దాటిపోతుంది, ఆ ప్రాపర్టీ ఖాళీగా మిగిలిపోతుంది. అబ్బాయి తప్పు వేరు దగ్గర పడింది కాబట్టి వెంటనే దొరికింది.

కర్నూలు సభ్యుడు: శకటరేఫం అంతగా కావాలనేవారు ముందు “చూడఁ జూడ” అని అరసున్నతో, సరళాదేశంతో (చూ జూగా మారడంతో) రాయాలి. ప్రశ్నలోనే ఆ రెండూ ఎగిరిపోయాయి.

కడప నుంచి: చిత్తం అయ్యవారూ. కాగితంలో ప్రస్తుతానికి వేరు కొట్టేసి “రూట్” అనే రాశాను. అరసున్న సంగతి ఆదివారం చూస్తాను.