నా శాండ్‌మ్యాన్ సంపుటం ఏ కాలం ముద్రణో ఎలా తెలుసుకోవాలి?

అమెరికా బొమ్మల కథల సంస్థ డీసీ కామిక్స్ పెద్దవాళ్ల కోసం వెర్టిగో అనే పేరుతో వేసిన పుస్తకాలంటే నాకు ప్రాణం. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

పాత పుస్తకాల షాపులో శాండ్‌మ్యాన్ అనే కామిక్స్ సీరీస్ మొదటి సంపుటం (విడి సంచికలు కలిపి వేసిన పుస్తకం) దొరికింది. అట్ట మీద వెర్టిగో పేరుంది. కానీ అందులోని ఎనిమిది సంచికలూ 1989 నాటివి. కేరెన్ బెర్గర్ సంపాదకురాలిగా వెర్టిగో మొదలైందే 1993లో. విడి సంచికల్లో అయితే 47వ దాని నుంచే ఆ పేరు కనిపిస్తుంది. కాబట్టి నాది తర్వాతి ముద్రణే, అందులో అనుమానం లేదు. కాపీరైట్ పేజీలో న్యూయార్క్ చిరునామా ఉంది. డీసీ 2015లో కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్‌కి మారింది కనుక అంతకు ముందుదే అయ్యుండాలి. ఈ మధ్యలో ఏ సంవత్సరమో తేల్చడానికి ఏం చూడాలి? వెర్టిగో లోగో ఆకారమా, వెనక అట్ట మీది ధరా, బార్‌కోడా? అట్ట ఫొటో కావాలంటే పెడతాను.

ఇంకొకటి. హెల్‌బ్లేజర్ అనే ఇంకో కామిక్స్ సీరీస్ మొదలుపెడదామనుకుంటున్నాను. 1988 నుంచి 2013 దాకా 300 సంచికలంటే చిన్న విషయం కాదు. దాని కథానాయకుడు జాన్ కాన్‌స్టంటీన్ మొదట వచ్చింది 1985లో, డీసీ వాళ్లదే స్వాంప్ థింగ్ అనే సీరీస్ 37వ సంచికలో. అందుకే ముందు స్వాంప్ థింగ్ చదవాలా, లేక నేరుగా హెల్‌బ్లేజర్ పట్టుకున్నా కథ అర్థమవుతుందా? నాకైతే స్వాంప్ థింగ్ మీదే మనసు లాగుతోంది. 1984లో దాని 29వ సంచికని కామిక్స్ కోడ్ (కామిక్స్ పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న సెన్సార్ నియమాలు) ముద్ర లేకుండానే అమ్మారు, వెర్టిగోకి అసలు పునాది అక్కడే పడిందని నా నమ్మకం.

రెండూ చదివినవాళ్లు ఏ వరసలో కొనమంటారో చెప్పండి.