చర్చ: పిల్లల చదువునూ ఆరోగ్యాన్నీ కలిపి దేశానికి మార్కు వేయడం సరైనదేనా?

తార్నాక వాసి

నిన్న పార్కులో వాకింగ్ అయ్యాక నలుగురం కూర్చుంటే ఈ మాట వచ్చింది, అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. 2018 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు మానవ మూలధన సూచీ అని మొదలుపెట్టింది. 157 దేశాల్లో మనం 115, మార్కు 0.44. ఆ సూచీని పట్టించుకోబోమని మన ఆర్థిక శాఖ అప్పుడే ప్రకటించింది. 2020లో మళ్ళీ వేస్తే 174 దేశాల్లో 116, మార్కు 0.49.

పట్టించుకోకపోవడం తప్పు అని నా అభిప్రాయం. ర్యాంకు అందరికీ తెలుసు, ఆ 0.44 అంటే ఏమిటో మాత్రం చాలామందికి తెలియదు. ఇవాళ పుట్టిన బిడ్డ ఇప్పుడున్న బడులు, దవాఖానాల మధ్యే పెరిగితే, పూర్తి చదువూ పూర్తి ఆరోగ్యం దొరికి ఉంటే ఎంత పని చేయగలిగేదో అందులో 44 శాతమే చేయగలుగుతుందని. లెక్కలోకి వెళ్ళేవి ఐదే. 2018లో మన అంకెలు ఇవి: ఐదేళ్ళు నిండేదాకా బతికే పిల్లలు నూటికి 96, పిల్ల బడిలో గడిపే ఏళ్ళు 10.2, పరీక్షల మార్కు 355 (బాగా నేర్చుకున్నట్టు లెక్క అంటే 625), వయసుకు తగ్గ ఎత్తు ఉన్నవాళ్ళు నూటికి 62, పదిహేనేళ్ళ వాళ్ళలో అరవై దాకా బతికేవాళ్ళు నూటికి 83.

ఇప్పుడు 355ని 625తో భాగించి 10.2తో గుణించండి. 5.8 వస్తుంది. పదేళ్ళు బడికి పంపితే ఆరేళ్ళ చదువు కూడా ఒంటికి పట్టలేదు. మిగతా నాలుగేళ్ళూ పిల్ల బడికి వెళ్ళింది, హాజరు పడింది, మనం చదువుకుంటోందనే అనుకున్నాం. ఈ ఒక్క అంకె కోసమైనా ఆ సూచీని వదలకూడదు.

లెడ్జర్ మనిషి

తార్నాక వాసి గారూ, లెక్క బాగా విప్పారు, కానీ ఆ 355 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. అది 2009 నాటి పీసా, అంటే పదిహేనేళ్ళ పిల్లల చదువును దేశాల మధ్య పోల్చే అంతర్జాతీయ పరీక్ష. మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పదిహేనేళ్ళ పిల్లలు మాత్రమే రాశారు, 74 చోట్ల 72, 73 స్థానాలు వచ్చాయి. ఆ తర్వాత 2012లో, 2015లో, 2018లో మనం అసలు రాయలేదు. అప్పటికి తొమ్మిదేళ్ళ కిందట రెండు రాష్ట్రాల్లో వచ్చిన మార్కును తెచ్చి దేశం మొత్తానికి అంటగట్టారు. ఆర్థిక శాఖ చెప్పిన అభ్యంతరాల్లో ఇదీ ఒకటి, అందులో న్యాయం ఉంది. నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేశాను, అంత పాత నిల్వతో ఈ ఏడాది ఖాతా తెరిస్తే ఏ ఆడిటరూ సంతకం పెట్టడు.

ఆ 2018లోనే సెప్టెంబరులో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇంకో కొలత వచ్చింది. చదువు, నేర్చుకున్నది, ఆరోగ్యం చూసి, 20 నుంచి 64 ఏళ్ళ మధ్య ఒక మనిషి నిండు శక్తితో పని చేయగలిగే ఏళ్ళు ఎన్నో లెక్క వేశారు. ఫిన్లాండ్‌కి 28, మనకు 7. అక్కడ 195 దేశాల్లో మనం 158. ఒకే ఏడాది, ఒకే దేశం, రెండు కొలతలు. దేన్ని నమ్మాలి?

ఇంకా పెద్ద బాధ వేరే ఉంది. మనిషిని మూలధనం అనడం. మా అమ్మ బడి గడప తొక్కలేదు. పాలు పోసి ముగ్గురిని చదివించింది. యాభై ఎనిమిదేళ్ళకే పోయింది, అంటే మీరు చెప్పిన ఐదో వరుసలో ఆమె నష్టం కింద పడుతుంది. ఆమె చేసింది ఏ వరుసలో పడుతుంది?

కొండాపూర్ నాన్న

ఇందులో అంత ఆలోచించాల్సింది ఏముంది? ప్రభుత్వ బడి మీద నమ్మకం పోయింది, మేమందరం అప్పు చేసైనా ప్రైవేటులో వేస్తున్నాం. అందరికీ ఫీజు డబ్బు చేతికి ఇస్తే చదువు సంగతి అదే బాగుపడుతుంది. ఎత్తు విషయానికొస్తే మన వాళ్ళు సహజంగానే పొట్టి, అమెరికా పిల్లలతో పోల్చి లోపం అనడం ఏమిటి? అరవింద్ పనగరియా లాంటి ఆర్థికవేత్తే 2013లో ఈ ప్రమాణాలు మనకు సరిపోవని వాదించారు.

సైదాబాద్ టీచర్

లెడ్జర్ సార్, మీ అమ్మగారి గురించి చదివి కాసేపు ఆగిపోయాను. కానీ ఆమె మిమ్మల్ని బడికి పంపింది ఏదో నేర్చుకుంటారనే కదా సార్. అది జరిగిందా లేదా అని చూడడం ఆమె కష్టానికి మర్యాద ఇవ్వడమే అనుకుంటాను.

నేను సర్కారు ప్రాథమిక పాఠశాలలో చెప్తాను. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఈ జూలైలో నాలుగో తరగతి వాళ్ళకి రెండో తరగతి తెలుగు పేరా ఒకటి ఇచ్చి ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. ముప్పై ఒక్క మందిలో తడుముకోకుండా చదివింది తొమ్మిది మంది. మిగతా వాళ్ళు పాఠం వినీ వినీ నోటికి వచ్చినవాళ్ళు, పుస్తకం మూసినా అదే చెప్తారు, వేలు పెట్టి ఈ మాట ఏమిటి అంటే చెప్పలేరు. ఇంటికి వెళ్ళాక అన్నం తినబుద్ధి కాలేదు నాకు. వాళ్ళకి మూడో తరగతి చెప్పింది నేనే.

దానికి ప్రపంచ బ్యాంకు దాకా పోనక్కర్లేదు సార్. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 2005 నుంచి అసర్ అని సర్వే చేస్తున్నారు, ఇంటికి వెళ్ళి పిల్ల చేతిలో పేరా పెట్టి చదివిస్తారు. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు దేశం మొత్తం మీద 2018లో 27.3 శాతం, కరోనా తర్వాత 2022లో 20.5, 2024లో 27.1. అంటే పాత రెండు రాష్ట్రాల మార్కు పక్కన పడేసినా, కొత్తగా అంతటా కొలిచినా విషయం మారడం లేదు. మరి మన పదో తరగతి? 2024లో తెలంగాణలో 91.31 శాతం పాస్. ఆ అంకె చూసి అందరం స్వీట్లు పంచుకుంటాం.

ఇంకోటి. అసర్ పల్లెల్లో చేసేది. హైదరాబాద్ పిల్లలు అందులో లేనే లేరు. మా బడిలో సగం మంది ఇళ్ళలో తెలుగు మాట్లాడరు, ఉర్దూ, ఒడియా, బిహార్ నుంచి పనికి వచ్చినవాళ్ళ భాష. 2022-23 నుంచి మాకు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఏ పేజీ తిప్పినా వాళ్ళకి కొత్త భాషే.

కొండాపూర్ నాన్న గారూ, ఫీజు డబ్బు చేతికిచ్చే ప్రయోగం మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2008 నుంచి లాటరీ తీసి కొందరికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దాన్ని నాలుగేళ్ళు చూశారు. తెలుగు, లెక్కల్లో తేడా రాలేదు. హిందీ బాగా వచ్చింది. తక్కువ ఖర్చుతో అంత చెప్పారన్నది ప్రైవేటు బడుల గొప్పే, ఒప్పుకుంటాను. కానీ బడి మారినంత మాత్రాన చదవడం రాలేదు.

ఉప్పల్ అంగన్‌వాడీ

అందరికీ నమస్కారం. ఎత్తు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను, నేను పద్దెనిమిదేళ్ళుగా కొలిచేది అదే.

అన్నా, మనవాళ్ళు పుట్టుకతోనే పొట్టి అన్నది మాకు ట్రైనింగ్‌లో మొదటి రోజే వచ్చిన ప్రశ్న. మేము వాడే చార్టు 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చింది. ఒక్క అమెరికా పిల్లల్ని చూసి చేసింది కాదు, ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు, అందులో మన దేశం కూడా ఉంది, ఢిల్లీ పిల్లలు. తల్లిపాలు, తిండి, శుభ్రత సరిగ్గా ఉన్న ఇళ్ళలో ఢిల్లీ పిల్లలూ నార్వే పిల్లలూ చిన్న వయసులో దాదాపు ఒకేలా పెరిగారు.

కొలవడం ఎట్లా ఉంటుందో చెప్తాను. రెండేళ్ళ లోపు పిల్లని పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్ళు దాటితే నిలబెట్టి. పడుకోబెడితే ఏడుస్తారు, మోకాళ్ళు ముడుస్తారు, ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు కాళ్ళు. ఆయా సెలవు పెడితే ఆ రోజు కొలత సరిగ్గా రాదు, అది నేను ఒప్పుకుంటాను. పుట్టిన తేదీ తెలియకపోతే ఇంకా కష్టం. కూలి పనికి వచ్చినవాళ్ళని అడిగితే బతుకమ్మకి ముందు పుట్టింది అంటారు, రెండు నెలలు అటూ ఇటూ అయితే పిల్ల చార్టులో ఎర్ర గీత దాటి పచ్చలోకి వచ్చేస్తుంది. అందుకే మా అంకెలు చూసి తొందరపడొద్దు.

కానీ పెద్ద సర్వే వాళ్ళు వేరే టీముతో వచ్చి కొలిచారు కదా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్ళ లోపు పిల్లలు 2015-16లో 28 శాతం, 2019లో 33.1. దేశం మొత్తం మీద తగ్గింది, 38.4 నుంచి 35.5కి. మన దగ్గర పెరిగింది. రక్తం తక్కువున్న చిన్నపిల్లలు 60.7 నుంచి 70. ఇది కరోనాకి ముందు. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు కేంద్రంలోనే అన్నం, గుడ్డు, పాలు పెడుతున్నాం, పిల్లలకి బాలామృతం ఇస్తున్నాం, అయినా ఈ అంకె. ఎందుకు అని మా మీటింగుల్లో ఎవరూ గట్టిగా అడగలేదు. గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని పంచారు, అదే అడుగుతారు. గుడ్డు తిన్న పిల్ల పెరిగిందా అని అడగాలి. నాకు బాలామృతం ప్యాకెట్ ఇంటికి వెళ్ళాక నలుగురు పిల్లలు పంచుకుంటారని తెలుసు. నీళ్ళ విరేచనాలు ఆగని బస్తీలో ఎంత పెట్టినా ఒంటికి పట్టదని కూడా తెలుసు. రాయడానికి యాప్‌లో దానికి గడి లేదు.

తార్నాక వాసి సార్, మీ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో వాళ్ళు ఒక పని చేశారు. పదిహేను ఊళ్ళలో గర్భిణులకీ ఆరేళ్ళ లోపు పిల్లలకీ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేసి రోజూ పెట్టారు, మిగతా ఊళ్ళలో అప్పటికి అది ఇంకా రాలేదు. ఆ పిల్లలకి 13 నుంచి 18 ఏళ్ళు వచ్చాక మళ్ళీ వెతికి కొలిస్తే, ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదు కదా అంటారేమో. పదిహేనేళ్ళ కింద తిన్న ఉప్మా సార్ అది. ఒంట్లో ఇంకా ఉంది.

లెడ్జర్ మనిషి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎత్తు గురించి నాకు ఉన్న అనుమానం పోయింది. పాత మార్కు వాడారన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను, ఎందుకంటే తప్పు అంకె మీద నిజమైన మాట కట్టినా, ఆ తప్పు బయటపడిన రోజు మాట కూడా పోతుంది. టీచర్ గారు చెప్పిన అసర్ లాంటిదైతే నేను నమ్ముతాను.

కానీ నా అసలు ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. దేశానికి ఒక మార్కు వేసి ఏం చేసుకుంటాం?

తార్నాక వాసి

సార్, 355 గురించి మీరు అన్నది నిజమే, ముందే రాసి ఉండాల్సింది. దేశానికి మార్కు ఎందుకంటే, పేద దేశం కాబట్టి ఇంతే అనుకునే అలవాటు పోవడానికి. అదే 2018 లెక్కలో వియత్నాంకి 0.67, 48వ స్థానం. అదేం ధనిక దేశం కాదు. శ్రీలంక 0.58, నేపాల్ 0.49, బంగ్లాదేశ్ 0.48, మనం 0.44. లాన్సెట్ లెక్కలో స్థానం వేరే వచ్చినా పొట్టు తీస్తే లోపల ఉన్నది ఇదే, బడికి వెళ్ళారు, నేర్చుకోలేదు.

మీ అమ్మగారి ప్రశ్నకి ఆ సూచీలో జవాబు లేదు. 2020లో ప్రపంచ బ్యాంకే, ఉన్న శక్తి పనిలోకి ఎంత వచ్చిందో చూసే ఇంకో లెక్క కలిపింది, అందులోనూ పని అంటే సంపాదన కోసం చేసే పనే.

సైదాబాద్ టీచర్

అంగన్‌వాడీ అక్కా, ఒకటి అడుగుతాను. మీ దగ్గర ఐదేళ్ళు ఉండి ఒకటో తరగతికి వచ్చిన పిల్ల ఎత్తు, బరువు, ఏ ఏడాది జబ్బు పడింది, అదంతా మీ దగ్గర ఉంటుంది కదా. మా దాకా ఎప్పుడూ రాలేదు. చదవలేని ఇరవై రెండు మందిలో ఎంతమంది చిన్నప్పుడు ఎర్ర గీత కింద ఉన్నారో నాకు తెలిస్తే నేను వాళ్ళని మొద్దులని అనుకోను, అనుకున్న రోజులు ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు ఎత్తునీ చదువునీ సగటుల మీద గుణించింది. మన బస్తీలో ఒక్క పిల్ల విషయంలో కూడా ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టినవాళ్ళు లేరు. ఉప్మా లెక్క తేలింది వాళ్ళు అవే పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్ళారు కాబట్టి.

ఉప్పల్ అంగన్‌వాడీ

మా రిజిస్టరు మా శాఖకి పోతుంది టీచర్ గారూ, మీ హాజరు మీ శాఖకి, బస్తీ దవాఖానా చీటీ ఇంకో శాఖకి. నా కేంద్రం నుంచి జూన్‌లో పక్క బడికి వెళ్ళింది పదకొండు మంది. వాళ్ళ పేర్లు, కొలతలు చేత్తో రాసి అక్కడి టీచరుకి ఇవ్వగలను, ఒక ఆదివారం పని. సూపర్‌వైజర్ మేడంని అడగాలి.

లెడ్జర్ మనిషి

తల్లుల్ని కూడా అడగండి అమ్మా, ముందు వాళ్ళనే. ఆ కాగితం తరగతిలో బయటపడితే పిల్లకి పేరు పడిపోతుంది, చిన్నప్పుడు నాకు పడింది. టీచర్ బీరువాలో ఉండాలి, తాళం వేసి. గడులు గీసి ఇవ్వాలంటే నేను గీస్తాను, ఆ పని నాకు వచ్చు. ఎత్తు, బరువు, పుట్టిన తేదీ పక్కన అది కాగితం చూసి రాసిందా తల్లి చెప్పిందా అని ఒక గడి పెడతాను, చివర ఆ పేరా చదివిందా లేదా. విరేచనాలకి కూడా ఒక గడి ఉండాలి కదా?

ఉప్పల్ అంగన్‌వాడీ

ఉండాలి సార్. నెలలో ఎన్ని రోజులు అని పెట్టండి, అవునా కాదా అని పెడితే అందరూ అవును అనే చెప్తారు.