కావేరిలో మహసీర్ వేటకు తీసుకువెళ్లే గైడ్లకు లైసెన్సు తప్పనిసరి చేయాలా?

గాలగాడు (బెంగళూరు) అడిగిన ప్రశ్న:

కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో మహసీర్ అనే పెద్ద నదీ చేపకు గాలం వేయడం ఆగిపోయిన తరువాత, దాని సరిహద్దుకు వెలుపల ఉన్న నదీ భాగాలకూ జలాశయాలకూ డబ్బు తీసుకొని వేటగాళ్లను తీసుకువెళ్లే గైడ్లు నాకు తరచుగా కనిపిస్తున్నారు. వారిలో నదిని చిన్ననాటి నుండి ఎరిగినవారు ఉన్నారు, ఒక గాలపు కర్ర, ఒక ఫోను తప్ప మరే అర్హతా లేనివారూ ఉన్నారు. రోజుకు ఎంత తీసుకుంటారు అన్నదే అక్కడ మాటలలోకి వస్తుంది కాని, చేపను నీటిలోనే ఉంచి గాలం ఎలా తీయాలి, ఏ నెలలలో వేటకు వెళ్లకూడదు, పట్టిన చేపల వివరాలు ఎవరికి తెలియజేయాలి అన్న సంగతులు రావడం లేదు. తీరంలోని జాలరులకూ, రైతులకూ, మనవంటి సరదా వేటగాళ్లకూ ఉమ్మడిగా ఉన్న నీటి నుండి ఆదాయం పొందేవారికి లైసెన్సు తప్పనిసరి చేయడం సమంజసమేనా? లేక లంచానికి మరొక దారి తెరవడమే అవుతుందా? విషయం తెలిసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

మడుగు ఒడ్డు (మైసూరు) సమాధానం:

మీ ప్రశ్నకు కావేరిలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1946లో కావేరి ఉపనది అయిన కబినిలో 120 పౌండ్ల, అంటే సుమారు 54 కిలోల మహసీర్ గాలానికి చిక్కింది. ఆ తరువాతి దశాబ్దాలలో నీటిలో పేలుడు మందు తూటాలు పేల్చి చేపలు పట్టడం వంటి పనుల వల్ల అంతటి చేపలు అరుదైపోయాయి. 1970ల తరువాత దక్షిణ భారత వన్యప్రాణి సంఘం కావేరి నదిలో కొంత భాగాన్ని కౌలుకు తీసుకొని కాపలా పెట్టగా, కర్ణాటక ప్రభుత్వ సంస్థ అయిన జంగిల్ లాడ్జెస్ భీమేశ్వరి, దొడ్డమాకళి, గాలిబోరెలలో వేట శిబిరాలు నడిపింది. పట్టిన చేపను తిరిగి నదిలో వదలడం అక్కడి నియమం. పుట్టి నడుపుతూ, ఉడికించిన రాగి ముద్దను ఎరగా గుచ్చి, ఏ మడుగులో ఏ వేళకు చేప కదులుతుందో చెప్పే గైడ్లు చుట్టుపక్కల గ్రామాలవారే. వారిలో కొందరు అంతకుముందు అదే నదిలో దొంగచాటుగా వేటాడినవారు. చచ్చిన చేపను ఒక్కసారి అమ్ముకోవడం కన్నా బతికి ఉన్న చేప వల్ల నెలనెలా అందే జీతమే మేలని వారికి తోచడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆ శిబిరాలు మిగిల్చిన వాటిలో అన్నిటికన్నా విలువైనది అక్కడి లెక్కల పుస్తకం అని నా అభిప్రాయం. గాలిబోరెలో 1998 నుండి 2012 వరకు ఎన్ని గంటలు గాలం వేశారు, ఏ రకం చేప పడింది, ఎంత బరువు తూగింది అన్నది రాసి ఉంచారు. ఆరు వేలకు పైగా మహసీర్ల వివరాలున్న ఆ లెక్కలను తరువాత శాస్త్రవేత్తలు పరిశీలించినప్పుడు, నీలి రెక్కల మహసీర్ ఏటేటా ఎక్కువగా పడుతుండగా, కావేరీ పరీవాహకంలో తప్ప మరెక్కడా లేని మూపురపు మహసీర్ అంతకంతకూ తక్కువగా పడుతున్నదనీ, పడినవి మాత్రం సగటున పెద్దవవుతున్నాయనీ బయటపడింది. పెద్ద చేప పడితే వేటగాడికి సంబరమే కాని, చిన్నవి కనబడకుండా పెద్దవే పడుతున్నాయంటే పిల్లతరం ఎదిగి రావడం లేదని అర్థం. నీలి రెక్కల రకం అసలు మన కృష్ణా పరీవాహకానికి చెందినది. మహారాష్ట్రలోని లోనావాలాలో ఉన్న హేచరీలో, అంటే చేపపిల్లల ఉత్పత్తి కేంద్రంలో పెంచిన పిల్లలను మంచి ఉద్దేశంతోనే తెచ్చి కావేరిలో వదిలారు. మూపురపు మహసీర్‌కు టోర్ రెమదేవి అన్న శాస్త్రీయ నామం 2018లో ఖాయమైంది, అదే ఏడాది అది అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలోకి చేరింది. పేరు ఖాయమయ్యే నాటికే చేప కనుమరుగయ్యే స్థితికి వచ్చిందన్నమాట.

కనుక గైడ్లకు లైసెన్సు ఉండాలనే నేను అంటాను, కాని దాని మొదటి షరతు పరీక్షో రుసుమో కాకుండా ఈ లెక్క రాయడమే కావాలి. చేప పడని రోజును కూడా రాయాలి. ఎన్ని గంటల శ్రమకు ఎన్ని చేపలు అన్నది తెలియకపోతే, పడిన చేపల జాబితా ఎంత పొడవున్నా నది స్థితిని చెప్పలేదు. రెండేళ్లు వరుసగా లెక్క అప్పగించని గైడుకు లైసెన్సు తిరిగి ఇవ్వకపోతే చాలు, వేరే శిక్ష అక్కరలేదు.

వలకాడు (తడ) సమాధానం:

మైసూరు మిత్రులు చెప్పిన చరిత్ర విలువైనదే, కాని లైసెన్సు అనగానే అది చివరికి ఎవరి చేతికి చేరుతుందో ముందుగా చూడాలి. దరఖాస్తు ఆన్‌లైనులో, శిక్షణ నగరంలో, రుసుము వేలల్లో పెడితే, దానిని పొందేది ఏదో ఒక పర్యాటక కంపెనీ అవుతుంది, తరతరాలుగా ఆ నీటి మీద బతికిన పుట్టివాడు దాని దగ్గర దినకూలీగా మిగులుతాడు. అప్పుడు తూటా పేలిన చప్పుడు విన్నా అతడు ఎవరికి చెప్పాలి, ఎందుకు చెప్పాలి?

మా పులికాట్ సరస్సు ఆంధ్రకూ తమిళనాడుకూ ఉమ్మడి. అక్కడ కొన్ని జాలరి గ్రామాలలో పాడు అనే కట్టుబాటు ఉంది. వల వేసే చోట్లను వంతుల ప్రకారం పంచుకుంటారు, వంతు తప్పినవారిని ఊరి పెద్దలే అదుపు చేస్తారు. ప్రభుత్వ కాగితం లేకుండానే అది నిలిచింది. దానిలో లోపం లేదని నేను అనను. ఆ కులంలో, ఆ ఊరిలో పుట్టనివారికి అందులో చోటు దొరకదు, ఇది చిన్న విషయం కాదు. అయినా నీటి కాపలాకు నీటి పక్కన ఉన్నవారే సరైనవారన్న సూత్రం అందులో ఉంది. తెలంగాణలో చెరువుల మీద చేపల హక్కు మత్స్య సహకార సంఘాలకు ఇచ్చినట్టే, కావేరి ఒడ్డున కూడా లైసెన్సును ఊరి సంఘానికి ఇచ్చి, గైడ్ల పేర్లను సంఘమే సూచించేలా చేస్తే నాకు అభ్యంతరం లేదు.

ఉప్పుచేప (మిషిగన్) సమాధానం:

ఇక్కడ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇదే చర్చ చాలాకాలం జరిగి, 2024 మార్చి నుండి గ్రేట్ లేక్స్ అనే మహా సరస్సులు కాక రాష్ట్రం లోపలి నదులలో, సరస్సులలో డబ్బు తీసుకొని వేటకు తీసుకువెళ్లే గైడ్లకు రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి అయింది. ప్రథమ చికిత్స, సీపీఆర్ శిక్షణ ఉండాలి, వేట వివరాలను, పట్టిన చేపల లెక్కను సమర్పించాలి. గ్రేట్ లేక్స్‌లో వేటగాళ్లను అద్దెకు తీసుకువెళ్లే చార్టర్ పడవలవారు దశాబ్దాలుగా ఇటువంటి లెక్క ఇస్తూనే ఉన్నారు, లోపలి జలాలకు మాత్రం అటువంటి సమాచారం లేదు అన్నది ఈ మార్పుకు ఒక ముఖ్య కారణం. తన రహస్యపు చోటు బయటపడుతుందన్న భయం ఏ గైడుకైనా ఉంటుంది కనుక, ఫారంలో ఏ మడుగు అని కాకుండా ఏ నది అని మాత్రమే అడగడం మంచిది.

గాలగాడు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. వలకాడు గారి సూచనను, లెక్కల షరతును కలిపి ఒకే పద్ధతిగా చేయవచ్చనిపిస్తోంది. ఒక సందేహం మిగిలింది. అభయారణ్యం లోపల కూడా ఈ విధంగా తిరిగి తెరవాలని మీ ఉద్దేశమా?

మడుగు ఒడ్డు:

కాదు, ఇప్పుడే కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేటే అన్న నిర్ణయంతోనే ఆ శిబిరాలలో చేపలు పట్టడం ఆగింది. వేటగాళ్లు వెళ్లిపోయాక తూటాలవారికి అడ్డు లేకుండా పోయిందని పాత గైడ్లు వాపోతారు, ఆ మాటలో నిజం ఉండవచ్చు. కాని మూపురపు మహసీర్ ఇంత తక్కువగా మిగిలిన స్థితిలో, వెలుపలి నీటిలో లైసెన్సు పద్ధతి కొన్నేళ్లు నిజాయితీగా నడిచిందని చూపకుండా లోపలికి అనుమతి అడగడం తొందరపాటే.

అంతకన్నా చిక్కు మరొకటి ఉంది. మేకెదాటు దిగువన కొంత దూరం కావేరి రెండు రాష్ట్రాలకు సరిహద్దుగా ప్రవహిస్తుంది, ఒక ఒడ్డు కర్ణాటకది, ఎదుటి ఒడ్డు తమిళనాడుది. ఒక ఒడ్డున లైసెన్సు రద్దయిన గైడు పుట్టిని అవతలి ఒడ్డుకు తిప్పుకుంటే అతడిని అడిగేవారుండరు. రెండు ప్రభుత్వాల మత్స్య శాఖలు నీటి వాటాల తగవును పక్కన పెట్టి, రద్దయిన పేర్ల జాబితానైనా ఒకరికొకరు పంపుకోవాలి, లేదంటే ఈ లైసెన్సు పద్ధతి ఆ సరిహద్దు భాగంలో అమలయ్యే అవకాశమే లేదు.