అంబాసిడర్ చాంబర్ ప్యాకింగ్: కార్కు వేయాలా, సిలికాన్ పేస్టు చాలా?

పర్లాకిమిడి మార్క్‌టూ

మన పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం గ్యారేజీల్లో ఇప్పుడు పాత అంబాసిడర్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి) దించితే చాలామంది మిస్త్రీలు కార్కు ప్యాకింగ్ ఊసే ఎత్తడం లేదు. సిలికాన్ పేస్టు చుట్టూ పూసి ఎక్కించేస్తున్నారు. కొందరైతే కార్కు పెట్టి, దానికి రెండు వైపులా మళ్లీ పేస్టు. 1489 సీసీ బీ సిరీస్ పెట్రోల్ ఇంజన్‌కి కార్కే సరైనదని, పేస్టు బద్ధకస్తుల పని అని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పది-పన్నెండు పానా, బరంపురం

కార్కు మంచిదే అన్నా, కాదనను. కానీ అది బాగా కూర్చోవాలంటే చాంబర్ అంచు చదునుగా ఉండాలి కదా? దశాబ్దాలుగా విప్పి బిగించిన రేకు అది. కారుతోందని వచ్చిన ప్రతి మిస్త్రీ ఇంకో అర చుట్టు బిగించి పోయాడు. బోల్టు కన్నాల చుట్టూ రేకు పైకి ఉబ్బిపోయి ఉంటుంది. అక్కడ కార్కు నలిగి చీలుతుంది, రెండు బోల్టుల మధ్యలో మాత్రం వదులుగానే ఉంటుంది. ఆయిల్ చెమ్మ మొదలయ్యేది ఆ మధ్యలోనే. పేస్టు ఆ సందు నింపుతుంది, కార్కు నింపలేదు.

రాయగడ రాకర్

అంచు వంకరైతే అంచు సరిచెయ్యాలి గానీ పేస్టుతో కప్పెట్టడమేటి? పెద్ద పనేం కాదది. ప్యాకింగ్ కూర్చునే ముఖం పైకి ఉండేలా అంచుని ఇనుప దిమ్మ మీద ఆనించు. ఒక్కో కన్నం దగ్గరా సుత్తి చదును ముఖంతో చిన్న దెబ్బలు వెయ్యి. తర్వాత స్టీల్ స్కేలు నిలువుగా ఆనించి, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూడు. 0.25 మి.మీ. రేకు ఎక్కడా దూరకూడదు.

కార్కుకి రెండు వైపులా పేస్టు పూసేవాళ్ల పని మరీ ఘోరం. బిగిస్తుంటే కార్కు సబ్బు మీద కాలేసినట్టు జారి, బోల్టుల మధ్య నుంచి లోపలికో బయటికో పొడుచుకొస్తుంది. దాన్ని కదలకుండా పట్టుకోవాలంటే చాంబర్ వైపు మాత్రం షెల్లాక్ (లక్క జిగురు) పల్చగా రాసి, జిగురెక్కాక అతికించాలి. బ్లాకు వైపు పొడిగా వదిలెయ్యాలి, లేదా వేలితో గ్రీజు చెమ్మ చూపించాలి. మళ్లీ విప్పేటప్పుడు చిరగకుండా వస్తుంది.

ఇంకోటి. షాపులో ఏళ్ల తరబడి వేలాడిన కార్కు ఎండి కుంచించుకుపోతుంది, కన్నాలు కలవవు. లాగి సరిపెడితే తెగుతుంది. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెడితే చాలావరకు అసలు కొలతకి వస్తుంది. వంచితే పొడి రాలే కార్కునైతే నానబెట్టినా లాభం లేదు, పారెయ్యి. రబ్బరు కలిపిన కార్కు దొరికితే అది ఇంకా మేలు.

పది-పన్నెండు పానా, బరంపురం

సరే, అంచు చదును చేశావు. మరి ముందూ వెనకా మెయిన్ బేరింగ్ క్యాపుల (క్రాంక్ ఇరుసుని పట్టి ఉంచే మూతలు) కింద ఉండే అర్ధచంద్రం కార్కు పట్టీల సంగతి? పక్క ప్యాకింగులూ ఆ పట్టీలూ కలిసే నాలుగు మూలల్లో ఒట్టి కార్కుతో ఆపగలవా?

రాయగడ రాకర్

ఆ నాలుగు మూలల్లో బఠాణీ గింజంత పేస్టు నేనూ పెడతాను, దానికి తగువు లేదు. పట్టీ చివర్లని మాత్రం బ్లాకు ముఖంతో సమానంగా కోసెయ్యకూడదు. ఒకటిన్నర మి.మీ. పైకి నిలవాలి. చాంబర్ ఎక్కినప్పుడు ఆ మిగులే నొక్కుకుని మూల మూస్తుంది. చూడ్డానికి బాగా లేదని బ్లేడుతో చదునుగా కోస్తారు చూడు, ఆ బండి వారంలో మళ్లీ వస్తుంది.

బిగింపు: బీ సిరీస్ చాంబర్ బోల్టులకి 6 పౌండ్ అడుగులు, అంటే సుమారు 8 న్యూటన్ మీటర్లు. అంతే.

పది-పన్నెండు పానా, బరంపురం

ఆ 8 ఎలా కొలుస్తావు? మన గ్యారేజీల్లో ఉండే అర అంగుళం టార్క్ రెంచ్ అంత తక్కువ చదవదు. పావు అంగుళం డ్రైవ్‌ది కావాలి. అది లేకపోతే పొట్టి రింగు పానాని రెండు వేళ్లతో పట్టుకుని, వేళ్ల బలం ఎంతో అంతే. మధ్య నుంచి చివర్లకి, ఎదురెదురుగా, మూడు విడతల్లో. ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ ఒక్కసారి చూసుకోవాలి. ఆ తర్వాత పానా ముట్టుకోవద్దు.

పేస్టు వేసేవాళ్లూ తప్పుగానే వేస్తున్నారు, అదీ ఒప్పుకోవాలి. వెనిగర్ వాసన వచ్చే రకం అద్దాలకీ సింకులకీ పనికొస్తుంది, ఇనుము మీద తుప్పు పట్టిస్తుంది. ఇంజన్‌కని రాసి ఉన్న న్యూట్రల్ రకమే కొనాలి. రెండు ముఖాలూ థిన్నర్‌తో తుడవాలి, వేలిముద్ర జిడ్డు కూడా ఉండకూడదు. పేస్టుని 2–3 మి.మీ. లావు తీగలా, కన్నాలకి లోపలి వైపుగా పూయాలి. ముందు చేత్తో బిగించి ఆపాలి, గంట తర్వాత పావు చుట్టు. మొత్తం ఒకేసారి బిగిస్తే పేస్టంతా బయటికి పోయి మధ్యలో ఏమీ మిగలదు. ఆయిల్ పోసేది 24 గంటలు ఆగాకే. ఈ పేస్టు గట్టిపడేది గాలిలో చెమ్మతో. కాబట్టి గోపాల్‌పూర్ వైపు వానాకాలంలో ట్యూబు నొక్కగానే పైన పొర కట్టేస్తుంది. చాంబర్ చేతిలో సిద్ధంగా పెట్టుకునే పూయాలి.

బిగించినప్పుడు పేస్టు బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుందని గుర్తుంచుకోండి. ఆ ముక్కలు ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే బేరింగులు పోతాయి. పెట్రోల్ తగిలే చోట, కార్బురేటర్ దగ్గర, పేస్టు అసలే వద్దు. ఉబ్బి ఊడొస్తుంది.

కోరాపుట్ ఘాటీ

మీరిద్దరూ చాంబర్ అంచు దగ్గరే కొట్టుకుంటున్నారు. అసలు ఆయిల్ అక్కడిదో కాదో చూశారా?

ముందు ఇంజన్ మొత్తం డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, చాంబర్ అంచుకీ, సైడ్ టాపెట్ కవర్లకీ (ఇంజన్ పక్కనుండే రేకు మూతలు), టైమింగ్ కవర్ (ఇంజన్ ముందు మూత) కిందా, మనం ముఖానికి రాసుకునే పౌడర్ చల్లండి. పావుగంట ఐడిల్‌లో ఉంచి టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడర్ మీద గోధుమ రంగు గీత ఎక్కడ మొదలైందో అదే లీకు. చుక్క పడే చోటు లీకు కాదు. రాకర్ కవర్ (ఇంజన్ పైమూత) వెనక మూల నుంచి వచ్చింది కూడా బ్లాకు వెంట జారి చాంబర్ వెనకే పడుతుంది. దానికి చాంబర్ దించేస్తారు.

రెండోది ఇంజన్ లోపలి గాలి ఒత్తిడి. ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి, కన్నం మీద పల్చటి పాలిథిన్ కవర్ పట్టుకోండి. గట్టిగా ఉబ్బి చేతిని నెడుతోందంటే బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయి ఉండాలి, లేదా పిస్టన్ రింగులు అరిగి ఉండాలి. బ్రీదర్ గొట్టం, దాని లోపలి జాలీ ముందు కడగండి. గాలికి దారి లేకపోతే అది ఆయిల్‌ని తోసుకుంటూ దొరికిన సందులోంచి వస్తుంది. కార్కు వేసినా అంతే, పేస్టు వేసినా అంతే.

పర్లాకిమిడి మార్క్‌టూ

ఘాటీ గారూ, బ్రీదర్ బాగున్నా బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేరుబాక్సుకీ మధ్య క్లచ్ ఉండే గూడు) కింది కన్నంలోంచి చుక్క పడుతుంటే? వెనక ఆయిల్ సీలు మార్చాలంటున్నారు.

కోరాపుట్ ఘాటీ

మూడు మెయిన్ బేరింగుల బీ సిరీస్‌లో వెనక రబ్బరు సీలే లేదండీ, మార్చడానికి. క్రాంక్ చివర మర చుట్లు కోసి ఉంటాయి. తిరుగుతున్నప్పుడు అవి ఆయిల్‌ని లోపలికి తోస్తాయి. ఇంజన్ ఆగితే అవీ ఆగుతాయి. అందుకే సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి, ముక్కు పైకి ఉండేలా బండి ఆపితే కాస్త చుక్క పడుతుంది. దానికి ఇంజన్ దించడం దండగ. చదునుగా నిలిపినా రాత్రికి రాత్రి నేల మీద మడుగు కడితే మాత్రం వెనక బేరింగ్ అరుగుదల చూడాలి. ఇంకో సంగతి, వెనక మెయిన్ క్యాపు బ్లాకుతో కలిసే అడ్డం ముఖానికి హైలోమార్ లాంటి గట్టిపడని పేస్టు పల్చగా రాయాలి. ఇది మిస్త్రీ కిటుకు కాదు, బీ సిరీస్ వర్క్‌షాపు పద్ధతే. కార్కు పక్షం వాళ్లు ఇది వదిలేసి, తర్వాత చాంబర్ ప్యాకింగ్‌ని తిడతారు.

క్లచ్ ప్లేటుకి ఎలాగూ గేరుబాక్సు దించినప్పుడు ఇదంతా చూసుకోండి. దీని కోసమే దించకండి.

రాయగడ రాకర్

ఘాటీ బావ మాట ఒప్పుకుంటాను. దానికి టైమింగ్ కవర్ కూడా కలపండి. పాత కవర్లో ఫెల్టు, తర్వాతి కవర్లో రబ్బరు సీలు. వెనకుండే ఆయిల్ త్రోయర్ రేకు (సీలు మీదికి రాకుండా ఆయిల్‌ని విసిరేసేది) కూడా వేరు. కవర్ ఒక కాలానిది, త్రోయర్ ఇంకో కాలానిది కలిపితే ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ముందు పుల్లీ కింద కారుతూనే ఉంటుంది. కవర్ బోల్టులు వదులుగా ఉండగానే సీలుకి ఆయిల్ రాసి పుల్లీ తొడగాలి. అప్పుడు సీలు సరిగ్గా మధ్యకి వస్తుంది, బోల్టులు ఆ తర్వాతే బిగించాలి. పుల్లీ మెడ మీద గోటికి తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీలు నిలవదు. సీలుని కవర్లో మిల్లీమీటరు లోతుగా దించితే సీలు పెదవి (పుల్లీకి ఆనే అంచు) కొత్త చోట ఆనుతుంది.

పది-పన్నెండు పానా, బరంపురం

సైడ్ టాపెట్ కవర్లు ఎవరూ చెప్పలేదు. ఒక్కో కవరుకి మధ్యలో ఒకే బోల్టు, 2 పౌండ్ అడుగులు మాత్రమే. అంతకు మించితే రేకు మధ్యలో లోపలికి పోయి అంచులు లేస్తాయి. అక్కడ నేనూ పేస్టు వాడను, కార్కే. చాంబర్‌కి మాత్రం, అంచు చదునవ్వని రేకు వస్తే, పేస్టే. రాకర్ ఏమన్నా సరే.

రాయగడ రాకర్

చదునవ్వని రేకైతే వేరే చాంబర్ వెతుకు తమ్ముడూ. కటకం పాత సామాన్ల బజారులో అడుగు. తెచ్చాక డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దించే బోల్టు) రాగి వాషర్‌ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి వాడు, మెత్తబడుతుంది.