పాత లారీ పవర్ స్టీరింగ్ బాక్సు కారుతోంది: సీలు మారిస్తే చాలా, బాక్సే మార్చాలా?

కోదాడ_సిమెంటు:
నాది 2009 మోడల్ టాటా 1613. మేళ్లచెరువు నుంచి విజయవాడకు సిమెంటు లోడు తిరుగుతుంది. స్టీరింగ్ బాక్సు కింద డ్రాప్ ఆర్మ్ (స్టీరింగు తిప్పుడును చక్రాల వైపు అందించే చేయి) మీదుగా ఆయిల్ కారుతోంది. రాత్రి నిలిపితే తెల్లారేసరికి నేల మీద అరచేతంత మరక. ఒక మేస్త్రీ సీలు కిట్టు వేస్తే సరిపోతుందన్నాడు, ఇంకొకాయన బాక్సు మార్చాల్సిందేనంటున్నాడు. ఫిట్‌నెస్ గడువు దగ్గరపడింది. ఏం చేయమంటారు?

ఆటోనగర్_మేస్త్రీ:
ముందు ఎక్కడ కారుతోందో తేల్చుకోండి. పైన హోసు పైపు బిగింపు దగ్గర కారినా ఆయిల్ జారి జారి డ్రాప్ ఆర్మ్ దగ్గరే తేలుతుంది. బాక్సును డీజిల్‌తో కడిగి పొడిగా తుడవండి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, ఇంజను నడుస్తుండగా ఒకరు స్టీరింగును అటూ ఇటూ తిప్పాలి, ఇంకొకరు పక్క నుంచి టార్చి వేసి చూడాలి. చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకోవద్దు. లారీల్లో ఆ క్షణాన ఒత్తిడి 100 బార్ దాటుతుంది, పంపుకూ సీళ్లకూ మంచిది కాదు.

బాక్సులోంచి బయటికొచ్చి డ్రాప్ ఆర్మ్‌ను తిప్పే సెక్టార్ షాఫ్టును గమనించండి. తిప్పినప్పుడల్లా అది పక్కకు కదులుతుంటే లోపల దాన్ని పట్టి ఉంచే బుష్‌లు అరిగినట్టే, ఎంత మంచి సీలు వేసినా మళ్లీ కారుతుంది. కదలకపోతే డ్రాప్ ఆర్మ్ ఊడదీయించి, సీలు కూర్చునే చోట షాఫ్టు మీద గోటితో గీయండి. గోరు ఎక్కడా పట్టకుండా జారితే కిట్టుతో పని అయిపోతుంది.

మూడు_లారీల_యజమాని:
గోటితో పరీక్షలేమిటండీ? పోయిన ఏడాది ఒక షెడ్డులో ఇలాగే సీలు వేయించాను. లారీ అక్కడ పడి ఉన్నన్నాళ్లూ కిరాయి పోయింది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగలేదు. సంక్రాంతి దాటకముందే మళ్లీ కారింది. అడిగితే బండి పాతది అన్నారు. 15 ఏళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ రుసుము 2022 ఏప్రిల్‌లోనే 12,500 రూపాయలైంది. అంత కట్టి తీసుకెళ్లాక, స్టీరింగ్ బాక్సు కారుతోందని బండిని వెనక్కి పంపితే ఎవరు భరిస్తారు? కొత్త బాక్సు వేయించండి.

నల్గొండ_రోడ్డు:
కారడం ఆపుతుందని అమ్మే స్టాప్ లీక్ మందు సీసా ఆయిల్‌లో పోస్తే ఆగదా?

ఆటోనగర్_మేస్త్రీ:
కొన్నాళ్లు ఆగినట్టు ఉంటుంది. అది రబ్బరును ఉబ్బిస్తుంది, తర్వాత మెత్తబరుస్తుంది. బాగున్న సీళ్లు కూడా పాడవుతాయి.

యజమాని గారూ, మీ లారీకి సీలు వేసినవాళ్లు షాఫ్టు చూశారా?

మూడు_లారీల_యజమాని:
చూడడం వాళ్ల పని, నా పని కాదు. గీతలు పడితే వెల్డింగు పెట్టి లేత్‌లో సాన పట్టిస్తామని ఇంకో షెడ్డువాళ్లు అన్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో మాట.

ఆటోనగర్_మేస్త్రీ:
ఆ పని ఎవరూ చేయించకండి. సెక్టార్ షాఫ్టు గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగు వేడికి ఒకచోట మెత్తబడి, పక్కచోట పెళుసెక్కుతుంది. పగులు కంటికి కనిపించదు. పంపు ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది, బలం పెడితే లారీ మలుపు తిరుగుతుంది. షాఫ్టు విరిగితే మాత్రం స్టీరింగుకూ చక్రాలకూ లంకె తెగిపోతుంది.

మూడు_లారీల_యజమాని:
అయితే నేను చెప్పిందే కదా! బాక్సు మార్చమనే!

ఆటోనగర్_మేస్త్రీ:
గీతలుంటే, బుష్‌లు పోతే. ఆ రెండూ బాగుంటే బాక్సుకు డబ్బు తగలెయ్యడం ఎందుకు? పైగా కొత్తదని మీకు అమ్మేది రంగు వేసిన పాతదైతే ఎలా కనిపెడతారు?

గుంటూరు_మిర్చి:
ఇద్దరూ ఒకటే చెబుతున్నారు. గొడవ దేనికి?

ఘాట్_డ్రైవరు:
ఒకటే ఎలా అవుతుంది? ఇద్దరూ డబ్బు లెక్కే చూస్తున్నారు. లంబసింగి ఘాట్‌లో కారే బాక్సుతో లారీ నడిపినవాణ్ణి నేను. స్టీరింగులో ప్లే (తిప్పినా చక్రాలు వెంటనే కదలని వదులు) ఉందని చెబితే మా యజమాని మేస్త్రీ చేత బాక్సు పక్కనున్న సర్దుబాటు స్క్రూ బిగింపించారు. ప్లే తగ్గింది. కానీ మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం మానేసింది. ప్రతి మలుపులో రెండు చేతులతో లాగి నిలబెట్టాలి, ఎదురుగా బస్సు వస్తున్నా సరే. కారిన ఆయిల్ ఖర్చు నా బత్తాలో కోశారు.

మూడు_లారీల_యజమాని:
డ్రైవర్లు నోరు విప్పితే కదా! నా బండిలో ఆయిల్ తగ్గి పంపు మూలుగుతున్నా ఒకడు అలాగే హైదరాబాద్ దాకా నడిపాడు. పంపు పోయింది. అది ఎవరి బత్తాలో కోయను?

ఘాట్_డ్రైవరు:
ఎందుకు చెప్పలేదో అడిగారా? చెబితే లారీ షెడ్డుకు వెళ్తుంది. షెడ్డులో ఉన్నన్నాళ్లూ బత్తా లేదు, ఇంట్లో పొయ్యి వెలగదు. లారీ ఆగిన రోజులకూ బత్తా ఇస్తానని మాట ఇవ్వండి, సీలు చెమర్చిన రోజే మీకు కబురు వస్తుంది.

మూడు_లారీల_యజమాని:
కిరాయి రాని రోజు బత్తా ఎక్కడి నుంచి తేను? మేస్త్రీ చూశానంటాడు, డ్రైవరు బాగానే ఉందంటాడు, చివరికి డబ్బు పోయేది నాది. అందుకే కొత్త బాక్సు అంటున్నాను. ఎవరి మాటా నమ్మాల్సిన పని ఉండదు.

ఆటోనగర్_మేస్త్రీ:
నమ్మొద్దు. దగ్గర నిలబడి చూడండి. ఏ మేస్త్రీ అయినా మీ ముందు షాఫ్టు విప్పనంటే లారీ తీసుకుని వెళ్లిపోండి.

ఘాట్_డ్రైవరు:
కోదాడ గారూ, మీ లారీ మీరే నడుపుతారా?

కోదాడ_సిమెంటు:
లేదండీ, డ్రైవరు ఉన్నాడు. ఇవాళ కడిగి చూశాం. హోసులు పొడిగానే ఉన్నాయి. అతను స్టీరింగు తిప్పుతుంటే షాఫ్టు పక్కకు కదలడం టార్చి వెలుగులో స్పష్టంగా కనిపించింది. ప్లే ఎప్పటి నుంచి ఉందని అడిగితే దసరా ముందు నుంచి అన్నాడు. లారీ నిలిపేశాను, బాక్సు మారుస్తున్నాను. బత్తా సంగతి అతనితో ఇంకా మాట్లాడలేదు.

ఘాట్_డ్రైవరు:
బాక్సు వచ్చేలోపు మాట్లాడండి.

ఆటోనగర్_మేస్త్రీ:
డ్రాప్ ఆర్మ్ ఊడదీసే ముందు షాఫ్టుకూ ఆర్మ్‌కూ కలిపి గుర్తు గీయించండి. సుత్తితో కొట్టనివ్వకండి, పుల్లరుతోనే లాగాలి. పాత ఆయిల్ మొత్తం దింపి, ట్యాంకు కడిగి, అందులోని ఫిల్టరు మార్చండి. పాత బాక్సు అరుగుదల పొడి అందులోనే ఉంటుంది, అది కొత్త సీళ్లను కోస్తుంది. ఆయిల్ నింపాక ముందు చక్రాలు లేపి, ఇంజను ఆపి ఉంచే స్టీరింగును అటూ ఇటూ నిదానంగా తిప్పించండి. ట్యాంకులో బుడగలు రావడం ఆగాకే స్టార్టు చేయాలి.