వర్జిన్ వ్యాలీ కామన్ ఒపాల్ గుండ్లు: బీటలు వారకుండా ఆరబెట్టడం ఎలా?

ప్రశ్న:
నెవాడాలోని వర్జిన్ వ్యాలీ నుంచి వచ్చిన తెల్లటి గుండ్లు నాలుగున్నాయి, నిమ్మకాయంత సైజు. మయోసీన్ కాలపు (సుమారు 2.3 కోట్ల నుంచి 50 లక్షల ఏళ్ల కిందటి) సరస్సు మట్టిలోవి. తిప్పి చూస్తే రంగులు మెరవవు, అందుకే కామన్ ఒపాల్ అనుకుంటున్నా. ఒకటి బయట పెడితే మూడో రోజుకే నెర్రెలిచ్చింది, మిగతావి నీళ్ల సీసాలో ఉన్నాయి. ఇవి ఒపాలేనా (నీళ్లు పట్టి ఉండే సిలికా, అంటే ఇసుకలోని పదార్థం), లేక చెర్టా (సన్నటి క్వార్ట్జ్ రేణువుల గట్టి రాయి)? సానబట్టొచ్చా?

జవాబు 1:
నెర్రెలిచ్చిందంటేనే సగం తేలిపోయింది, చెర్ట్ అలా ఆరి పగలదు. మిగతా సగం కాటా చెబుతుంది. కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో వేలాడదీసి, అడుగు తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు చూపించే అంకెతో రాయి బరువును భాగించండి. 84 గ్రాముల రాయికి 41 వస్తే సాంద్రత 2.05, ఒపాలే. చెర్ట్ అయితే 32 దగ్గర ఆగుతుంది, అంటే 2.6. నానిన రాయినే తుడిచి తూయండి; ఎండిన రాయి ముంచగానే నీళ్లు పీల్చి లెక్క చెడగొడుతుంది. 254 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) దీపం కింద ఆకుపచ్చగా వెలిగితే అది అందులోని యురేనియం వల్ల. అక్కడి ఒపాల్‌లో మామూలే, కానీ ఆ ఒక్క గుర్తు చూసి తేల్చేయకండి.

జవాబు 2:
పై పొర ఆరి కుంచించుకుంటుంది, లోపల ఇంకా తడి. ఆ లాగుడుకే పగులుతుంది. మూతకు సూది బెజ్జం పెట్టిన సీసాలో, తడి గుడ్డలో చుట్టి నెలల తరబడి ఆరనివ్వండి. వారానికోసారి తూచి, బరువు తగ్గడం ఆగాకే కోత. అయినా కొన్ని పగులుతాయి, అక్కడి సరుకు అంతే. నూనె, గ్లిజరిన్ పగుళ్లను దాస్తాయి, అతికించవు.
సానకు వేడి లక్క వద్దు, చల్లగా గట్టిపడే ఎపాక్సీ జిగురుతో రాయిని పట్టుకునే పుల్లకు అతికించండి. వరసగా 600, 1200, 3000 గ్రిట్ (అంకె పెరిగేకొద్దీ నునుపు) డైమండ్ చక్రాలు, ధారాళంగా నీళ్లు, తేలిక ఒత్తిడి. చివర తోలు మీద సీరియం ఆక్సైడ్ అనే మెరుగు పొడి. సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, పొడిగా అస్సలు కోయొద్దు.

ప్రశ్న అడిగినవారు:
మరి వికారాబాద్ వైపు కూడా పాత సరస్సు పొరలున్నాయిగా, అక్కడ ఇలాంటివి దొరకవా?

జవాబు 1:
అవి దక్కన్ బసాల్ట్ (గట్టిపడిన లావా) ప్రవాహాల మధ్య చిక్కిన పొరలు, వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్లు. ఒపాల్ అంతకాలం ఒపాల్‌గా నిలవడం అరుదు. అగ్నిపర్వత బూడిదలోని గాజు కరిగి నీళ్లలోకి వచ్చిన సిలికా ముందు జిగురులా పేరుకుంటుంది. కాలం, వేడి తోడైతే నీటిని వదిలేసి క్వార్ట్జ్‌గా మారుతుంది. అందుకే అటువైపు చేతికొచ్చేది ఎక్కువగా చెర్టే. క్వార్ట్జ్ ముక్కతో గీసి చూడండి: ఒపాల్ మీద గీత పడుతుంది, చెర్ట్ మీద పడదు.